నాగా లెక్క: ఒక డైరీ ఆప్‌ను విప్పి మళ్ళీ కట్టిన పది వారాలు

ఆగస్టు 4, సోమవారం

రెండేళ్ళ కిందట నేనూ, శ్రీకాకుళంలో ఉండే నా డిజైనర్ మిత్రుడూ కలిసి సరదాగా మొదలుపెట్టిన ఆప్ ఇది. ఫోన్లో తెలుగులో డైరీ రాసుకోవడానికి. పగలంతా కంపెనీ పని, రాత్రి భోజనాలయ్యాక ఈ పని. నిన్న రాత్రి ఏదో పాత తారీఖు కోసం నా సొంత డైరీ తెరిచాను. చివరిసారి రాసింది జూన్ 24న. సరిగ్గా 40 రోజులైంది. తయారుచేసినవాడే రాయడం మానేస్తే ఇంకెవరు రాస్తారు?

తెరవగానే కనబడిందేమిటంటే, ఆరిపోయిన మంట బొమ్మ, పక్కన సున్నా (వరసగా ఎన్ని రోజులు రాశామో చెప్పే అంకె అది), కింద "మీ వరుస తెగిపోయింది!" అన్న మాట. ఆ ఆశ్చర్యార్థకం పెట్టిన పాపాత్ముణ్ణి నేనే. చదవగానే ఎవరో హాజరు పట్టీ తీసి నిలబెట్టి అడిగినట్టయింది. వెంటనే మూసేశాను.

ఈ ఆప్ వాడేవాళ్ళు మొత్తం 11 మంది. అందరూ చుట్టాలో స్నేహితులో. ఫోన్ చేసి అడిగితే 8 మంది మానేశామన్నారు, అదీ కాస్త మొహమాటపడుతూ. ఫోన్లో అడిగితే ఎవరూ అసలు సంగతి చెప్పరు, పక్కన కూర్చుని చూడాలి. ఈ వారం అదే పని.

ఆగస్టు 7, గురువారం

మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్నాన్న బట్టల షాపులో రాత్రి ఎనిమిది నుంచి కూర్చున్నాను. సరిగ్గా తొమ్మిదికి మా ఆప్ గంట మోగింది. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకోకుండానే, బల్లమీదే బొటనవేలితో పక్కకి తోసేశాడు.

"ఏటి చిన్నాన్నా, చూడకుండానే తీసేశావు?"

"ఏటి చూస్తాన్రా? రోజూ అదే కదా. 'ఈరోజు మీ మనసు ఎలా ఉంది' అంటాది. గల్లాపెట్టె లెక్క తేలకుండా మనసు ఎలాగుంటాది?"

తొమ్మిది గంటలని ఎందుకు పెట్టామో గుర్తు చేసుకుంటే నవ్వొచ్చింది. ఆ టైముకి మేమిద్దరం ఖాళీగా ఉంటాం, అంతే. చిన్నాన్న ఆ టైముకి నోట్లు లెక్కపెడుతూ ఉంటాడు. అమ్మ సీరియల్ చూస్తుంది. అప్ప, అంటే మా అక్క, పిల్లలకి అన్నం పెడుతుంది.

షట్టరు దించాక, నా కోసం ఆప్ తెరిచి చూపించమన్నాను. ముందు అయిదు మొహాల బొమ్మలొస్తాయి, ఏదో ఒకటి ఎంచుకోవాలి. తర్వాత శీర్షిక. తర్వాత ఫోటో కావాలా వద్దా. ఆ తర్వాతే ఖాళీ పేజీ. మొదటి అక్షరం కొట్టేలోపు ఆరుసార్లు తాకాడు. పాతవి తిరగేస్తే మొత్తం 14 రోజులు రాశాడు, పధ్నాలుగింటికీ శీర్షిక "డైరీ". శీర్షిక లేనిదే ముందుకి వెళ్ళనివ్వదు కదా, పాపం.

నిన్న అప్ప దగ్గర కూర్చున్నాను. తను చీపురుపల్లి వైపు స్కూల్లో టీచరు, రోజూ రైల్లో వెళ్ళి వస్తుంది. 19 రోజులు ఒక్కరోజూ తప్పకుండా రాసింది. ఇరవయ్యో రోజు ఆడపడుచు పెళ్ళి. "19 పోయాక మళ్ళీ 1 నుంచి ఎవరు మొదలెడతార్రా?" అంది. ఈ మాట నా నోట్సులో గీత కింద గీత గీసి పెట్టుకున్నాను.

ఆగస్టు 10, ఆదివారం

ఈరోజు కంప్యూటర్ ముందు కూర్చోలేదు గానీ, మొత్తం ప్రాజెక్టులో పెద్ద పని ఈరోజే జరిగింది.

పాలవాడు డబ్బులకి వచ్చాడు. అమ్మ వంటింటి తలుపు వెనకాల క్యాలెండర్ తీసుకొచ్చింది. ప్రతి గడిలోనూ "1" అనో "1½" అనో ఉంది, లీటర్లన్నమాట. మధ్యమధ్య నాలుగు గళ్ళలో చిన్న సున్నా చుట్టి ఉంది. "జూలైలో నాలుగు నాగాలు" అంది. అతను కాదనలేదు. 31లోంచి నాలుగు తీసేసి లెక్క కట్టారు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

నాగా! మా ఇంట్లో రోజూ వినబడే మాట. పనమ్మాయి నాగా, పేపరు నాగా, పాలు నాగా. ఉర్దూ నుంచి వచ్చిందంటారు, ఇప్పుడు మాత్రం పూర్తిగా మనదే. నాగా పెట్టిందని పాల ఖాతా ఎవరూ మూసేయరు. నాగా అంటే తప్పిపోయిన రోజు కాదు, లెక్కలో రాసిపెట్టుకున్న రోజు. రాయకపోతేనే గొడవ. అమ్మని అడిగాను, వరసగా ఎన్ని రోజులు పాలు వచ్చాయో ఎప్పుడైనా లెక్కపెట్టావా అని. "అదెందుకురా?" అంది, నిజంగానే అర్థంకాక.

నేను కట్టిన ఆప్ లెక్కపెట్టేది సరిగ్గా దాన్నే.

ఆగస్టు 13, బుధవారం

మంట బొమ్మ తీసేశాను. దాని కోసం రాసిన కోడు 400 లైన్ల పైనే ఉంది. అర్ధరాత్రి పన్నెండు దాటాక ఒంటిగంటకి రాస్తే ఏ రోజు కింద వేయాలన్న తగవు తీర్చడానికే అందులో సగం. ఇప్పుడు ఆ తగవు ఊసే లేదు.

కొత్త మొదటి స్క్రీన్ గోడ క్యాలెండరులా ఉంటుంది. రాసిన రోజు గడిలో నల్లచుక్క, రాయని రోజు గడిలో సన్నటి సున్నా. ఎరుపు రంగు ఎక్కడా లేదు. పైన ఒకే వాక్యం: "ఆగస్టులో 9 రోజులు రాశారు, 4 నాగాలు." సున్నాని తాకితే కారణం ఒక్క మాటలో రాసుకోవచ్చు. జ్వరం, పెళ్ళి, ఊరెళ్ళాను, మనసు లేదు. అలా కారణం రాసినా అది రాసిన రోజు కిందకి రాదు, నాగాగానే ఉంటుంది. దీనిమీద కాసేపు ఊగిసలాడాను గానీ, పాల లెక్కలో ఆ మోసం చెల్లదు.

"21 రోజుల ఛాలెంజ్" బ్యానర్ కూడా పోయింది. ఆ 21 ఎక్కడిదో ఇన్నాళ్ళూ వెతకలేదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట అది. ఆపరేషన్ అయ్యాక కొత్త మొహానికి అలవాటుపడటానికి రోగులకి కనీసం 21 రోజులు పడుతోందని గమనించాడట. అందులో "కనీసం" జారిపోయింది, మొహమూ జారిపోయింది, అన్ని అలవాట్లకీ 21 మిగిలింది. దానికన్నా లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసిన పరిశీలన మాకు పనికొచ్చింది. 96 మందిని 12 వారాలు చూసి, 2010లో అచ్చువేశారు. పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి, అంచనా కట్టి చూస్తే, 254 దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు. అంటే అప్ప పెళ్ళికి వెళ్ళిన రోజు వల్ల పాడైందేమీ లేదు. పాడు చేసింది మా సున్నా.

మిత్రుడికి ఫోన్ చేస్తే గంటసేపు యుద్ధం. "ఒరే, జనాన్ని లాక్కొచ్చేదే ఆ అంకె. డుయోలింగో వాడు వరుస తెగకుండా ఫ్రీజ్ ఇస్తాడు, మనమూ అదే ఇద్దాం" అంటాడు. అది భాష నేర్చుకునే పాఠం, ఇది డైరీ అన్నాను. మనిషికి డైరీ అన్నిటికన్నా అవసరమయ్యేది పాడు రోజున, ఆ రోజునే రాయలేడు, ఆ మర్నాడే మనం మంట ఆర్పి చూపిస్తాం. ఒప్పుకోలేదు. ఒక నెల చూద్దామన్నాడు.

ఆగస్టు 18, సోమవారం

గంట కొట్టే టైము ఎంచుకునే గడియారం స్క్రీన్ తీసేసి, దాని చోట ఒక ప్రశ్న పెట్టాం: "ఏ పని అయ్యాక రాస్తారు?"

ఇదీ లాలీ పరిశీలనలోంచి వచ్చిందే. అందులో పాల్గొన్నవాళ్ళు పనిని గడియారానికి కట్టలేదు, రోజూ జరిగే మరో పనికి కట్టారు, టిఫిన్ తర్వాత, అలా. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1999లో చెప్పినదీ దీనికి దగ్గరే: "రాస్తాను" అనుకోవడం కన్నా "ఫలానాది జరిగితే అప్పుడు రాస్తాను" అనుకున్నవాళ్ళు ఎక్కువగా చేస్తారు.

జవాబులు మేం ముందే ఇవ్వకుండా ఖాళీ వదిలాం. వాళ్ళు రాసినవి చూస్తే ముచ్చటేసింది. చిన్నాన్న: "షట్టరు దించి తాళం వేశాక." అప్ప: "రైలు నెల్లిమర్ల దాటాక." అమ్మ: "సందె దీపం పెట్టాక." పిన్ని: "అందరూ పడుకున్నాక." బీటెక్ చదివే పిన్ని కొడుకు: "ఫోన్ ఛార్జింగ్ పెట్టేటప్పుడు."

ఈ చివరిదాన్ని ఫోనే కనిపెట్టగలదు. ఛార్జర్ గుచ్చగానే చిన్న గుర్తు చూపించవచ్చు. మిగతావాటికి మాత్రం దాదాపు ఏ టైములో జరుగుతాయో అడగక తప్పలేదు, అంటే గడియారం దొడ్డిదారిన మళ్ళీ వచ్చింది. అయినా ఇప్పుడు గంట మోగితే "తాళం వేశారా?" అని వస్తుంది. నిన్న చిన్నాన్న నిజంగానే వెనక్కి తిరిగి తాళం లాగి చూసుకున్నాడట. డైరీ రాయలేదు గానీ తాళం చూసుకున్నాడు. ఎంతోకొంత!

ఆగస్టు 26, మంగళవారం

వారం నుంచి గంటల గోలే. అయిదుగురికి గంట అసలు మోగడం లేదు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే స్నేహితుడు "నీ ఆప్ చచ్చిపోయిందిరా" అని మెసేజ్ పెట్టాడు. తవ్వితే ఒక్కొక్కటీ బయటపడింది.

ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపించాలంటే ముందు అనుమతి అడగాలి. మా ఆప్ తెరిచిన క్షణంలోనే అడిగేది. ఏ ఆప్ అనేది కూడా చూడకుండా జనం "వద్దు" నొక్కుతారు. రెండుసార్లు వద్దంటే ఇక ఆ పెట్టె మళ్ళీ రాదు, సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చుకోవాల్సిందే. ఇప్పుడు మొదటి రెండు రోజులూ ఏమీ అడగం. "ఏ పని అయ్యాక?" అన్నదానికి జవాబు రాసిన తర్వాతే అడుగుతాం. అప్పుడు ఎందుకు అడుగుతున్నామో వాళ్ళకే తెలుస్తుంది.

రెండోది, ఫోన్ ఆపి మళ్ళీ వేస్తే పెట్టిన అలారాలన్నీ చెరిగిపోతాయి. బూటయ్యాక మనమే మళ్ళీ పెట్టుకోవాలి. ఆ నాలుగు లైన్లు నేను రాయనే లేదు. రెండేళ్ళుగా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మూడోది, నిమిషం తప్పకుండా మోగే ఎగ్జాక్ట్ అలారం అడుగుతున్నాం. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసుకున్న ఆప్‌లకి ఆ అనుమతి మామూలుగా ఉండదు, అలారం గడియారాలకీ క్యాలెండర్లకీ తప్ప. డైరీకి పది నిమిషాలు అటూ ఇటూ అయితే కొంప మునగదు. మామూలు అలారానికి మార్చేశాను.

నాలుగోది మా చేతిలో లేదు. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో, వాడని ఆప్‌ని నిద్రపుచ్చి లేవనివ్వవు. ఆటోస్టార్ట్ అనే మీట ఒక్కో ఫోన్లో ఒక్కో మూల దాగి ఉంటుంది. దీనికి విరుగుడుగా హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్ పెట్టాం. అందులో మీరు చివరిసారి రాసిన వాక్యం కనబడుతుంది, తాకితే నేరుగా రాసే పేజీ. మొహాలూ శీర్షికా ఫోటో ఏమీ లేవు. ఆరు తాకుళ్ళు ఒకటయ్యాయి. గంటల కన్నా ఈ విడ్జెట్టే ఎక్కువ పని చేస్తుందని నా అనుమానం.

ఆగస్టు 29, శుక్రవారం

గిడుగువారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. యాదృచ్ఛికంగా ఈరోజు పని అంతా అక్షరాల మీదే.

విడ్జెట్‌లో వాక్యం పొడవైతే 40 దగ్గర కత్తిరించి చుక్కలు పెడుతున్నాం. నలభై అక్షరాలనుకున్నాను. కంప్యూటర్ లెక్క వేరు. మనకి "స్త్రీ" ఒక్క అక్షరం, దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పిన్ని విడ్జెట్‌లో "లక్ష్మి" మధ్యకి తెగి "లక్ష్" అని వేలాడుతోంది. ఇక అక్షరాల లెక్క వదిలేసి, రెండు పదాల మధ్య ఖాళీ దగ్గరే కత్తిరిస్తున్నాం. వత్తుల కింది భాగం కూడా తెగిపోతోంది. లైన్ల మధ్య దూరం ఇంగ్లీషుకి సరిపోయేంత పెట్టాం మరి. అక్షరం సైజుకి 1.6 రెట్లు చేస్తే కుదిరింది.

గూగుల్ ఫాంట్లలో గురజాడ పేరుతో ఒకటి, గిడుగు పేరుతో ఒకటి ఉన్నాయి. మా ఊరి పెద్దాయన, పక్క జిల్లా పెద్దాయన, రెండూ పెట్టి చూడాలని ఉత్సాహపడ్డాను. శీర్షికలకి బాగున్నాయి గానీ, చిన్న సైజులో పేరా చదవడానికి నోటో సాన్స్ తెలుగే నయం. ఉత్సాహం చంపుకున్నాను.

కీబోర్డు దిద్దుబాటు కూడా ఈరోజే ఆపేశాను. పిన్ని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతుంది. "వంట" అని కొడితే "వాంట్" అయిపోతోంది. వాడుక భాష కోసం పోరాడిన మనిషి పుట్టినరోజున, ఎవరింటి మాట వాళ్ళు రాసుకోనివ్వకపోతే ఎలా? ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగేమిటని మిత్రుడు సణిగాడు. గురజాడవారు తన డైరీలు చాలావరకు ఇంగ్లీషులోనే రాసుకున్నారు, నువ్వెంత, అన్నాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

పిన్ని రాసేవి చాలా పొడిగా ఉంటున్నాయి. "ఈరోజు బాగుంది." "ఈరోజు పరవాలేదు." ఆవిడ ఫోన్ చేసి మాట్లాడితే అరగంట ఆగదు. వెళ్ళినప్పుడు అడిగాను. ఒక్క మాట మాట్లాడకుండా వంటింట్లోంచి హాల్లోకి చెయ్యి చూపించింది. అక్కడ మనవడు ఆవిడ ఫోన్లో కార్టూన్లు చూస్తున్నాడు. కోడలి చేతిలోకీ, బాబాయి చేతిలోకీ వెళ్ళేది అదే ఫోన్.

ఇది మేం ఊహించనే లేదు. మేమిద్దరం మగవాళ్ళం, ఎవరి ఫోన్ వాళ్ళకుంది. చెప్పుకోలేనిది రాసుకునే చోటు కాకపోతే ఏ మనిషైనా ఎన్నాళ్ళు రాస్తాడు? లాక్ ఆప్షన్ సెట్టింగుల్లో మూడో పేజీలో ఉండేది. దాన్ని మొదటి రోజుకి తెచ్చాం. వేలిముద్ర లేకపోతే నాలుగంకెల పిన్. విడ్జెట్‌లో వాక్యం కనబడాలా, వట్టి తేదీయే కనబడాలా అని అడుగుతున్నాం. గంట మోగినప్పుడు లాక్ స్క్రీన్ మీద "మనసు", "డైరీ" లాంటి మాటలు రావు.

పిన్ని అదేరోజు రాత్రి పెద్దది రాసిందని చెప్పింది. ఏం రాసిందో అడగలేదు.

సెప్టెంబరు 11, గురువారం

అమ్మ టైప్ చేయదు. మాటని అక్షరాలుగా మార్చే సౌకర్యం పెట్టి చూశాం. అమ్మ మా వైపు మాటే మాట్లాడుతుంది, అది పుస్తకం తెలుగు వినాలనుకుంటుంది. రెండింటికీ పొసగలేదు. మార్చడం మానేసి గొంతునే దాస్తున్నాం. 30 సెకన్లు, తక్కువ నాణ్యతలో 120 కేబీ దాటదు. 30 ఎందుకంటే, అంతకన్నా ఎక్కువిస్తే మొదలుపెట్టడానికే భయం వేస్తోందంది.

సెప్టెంబరు 21, ఆదివారం

మంట తీసేసిన పూర్తి కొత్త ఆప్‌ని ఈరోజే పదకొండు మందికీ పంపాం. మొదటి దెబ్బ పిన్ని కొడుకు నుంచే. "అన్నయ్యా, నా 63 ఏది?" అన్నాడు. మానకుండా రాస్తున్న ముగ్గురిలో వాడొకడు. 63 రోజుల వరుస ఉందట వాడికి. నాగా క్యాలెండరు చూపించి ఏవో చెప్పాను. "అవన్నీ బాగున్నాయి, నా 63 నాకివ్వండి" అన్నాడు. మిత్రుడు ఫోన్లో నవ్వుతూనే ఉన్నాడు.

ఇచ్చేశాం. సెట్టింగుల్లో "వరుస చూపించు" అని ఒక మీట, మామూలుగా ఆపి ఉంటుంది. మంట లేదు, అంకె మాత్రమే. తెగితే ఏ వార్తా రాదు, మాటాడకుండా 1 నుంచి మొదలవుతుంది. నేను ఓడిపోయానా అంటే, సగం.

అప్ప ఆదివారం కూర్చుని వారానిదంతా ఒకేసారి రాస్తానంది. వెనక తేదీలకి రాయనివ్వాలా? నిన్నటిది ఒక్కటే రాయనివ్వాలని నా పట్టు. పాల లెక్క కూడా నిన్నటిది ఈరోజు వేస్తాం గానీ, పోయిన సోమవారానిది ఎవరికి గుర్తుంటుంది? అప్ప కోపంగానే ఉంది. ప్రస్తుతానికి అలాగే ఉంచాను.

అక్టోబరు 9, గురువారం

అసలు పరీక్ష పండగ. దసరా అయ్యాక వచ్చే సోమవారం తొలేళ్ళు, మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఊళ్ళో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. చింతమాను మీద పూజారి కూర్చుని గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరిగి వచ్చేదాకా మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డాం. ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. శ్రీకాకుళం వైపు వాన, కరెంటు పోయి మిత్రుడి ఫోన్ రెండు రోజులు ఆఫ్.

అందరి క్యాలెండరులోనూ సున్నాలే సున్నాలు. పాత ఆప్‌లోనైతే మూకుమ్మడిగా మానేసే వారం ఇది. ఈసారి మూడు రోజుల పైన నాగా పడితే, తెరవగానే క్యాలెండరు కూడా చూపించం. చివరిసారి రాసిన వాక్యం, దాని కింద ఆడుతున్న కర్సరు గీత. అంతే.

ఈ సాయంత్రానికి 11 మందిలో 7 మంది మళ్ళీ రాశారు. అప్ప నాగాల మీద "పండగ, పండగ, చాకిరీ" అని రాసింది. చిన్నాన్న ఇంకా రాలేదు, షాపులో పండగ బేరాలు తగ్గలేదు.

అక్టోబరు 14, మంగళవారం

పలాస స్నేహితుడి ఫోన్ ప్లాట్‌ఫారం మీద నుంచి పట్టాల మధ్య పడి నుజ్జయింది. కొత్త ఫోన్లో ఆప్ వేసుకుంటే డైరీ ఖాళీ. ఎవరి డైరీ వాళ్ళ ఫోన్లోనే, సర్వర్లోకి ఏదీ పోదు అని గొప్పగా చెప్పుకున్నాం కదా. ఆగస్టు చివర్నుంచి 38 రోజులు రాశాడు. వాళ్ళ నాన్న ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ అందులోనే ఉన్నాయి.

వాడు తిట్టలేదు. "సరేలే" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత రెండుసార్లు చేశాను, ఎత్తలేదు.

గంటలూ విడ్జెట్లూ పక్కన పెట్టి నిన్నటి నుంచి బ్యాకప్ మొదలుపెట్టాను. ఫైలుకి తాళం వేసి వాళ్ళ సొంత డ్రైవ్‌లో పెట్టాలి, తాళం మా దగ్గర ఉండకూడదు. అలాగైతే పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళ గతేమిటని మిత్రుడు అడుగుతున్నాడు. కాగితం మీద రాసుకునేలా పన్నెండు తెలుగు మాటలు ఇద్దామని నా ఆలోచన. అమ్మ ఆ కాగితాన్ని క్యాలెండరు వెనకాల గుచ్చుతుంది, అది నాకు తెలుసు. పిన్ని ఎక్కడ దాచుకోవాలి?

ఆదివారం పలాస వెళ్తున్నాను.